వెయ్యి గాస్‌ల మొండిఘటాలు

గ్రేటర్ నోయిడా నుంచి దాద్రీ వైపు వెళ్లేవారి కంట ఒక దృశ్యం పడక తప్పదు. ఒక పక్క చేలు, ఇంకో పక్క కట్టడం ఆగిపోయిన అపార్ట్‌మెంట్లు, రెండింటి నెత్తి మీదుగా సాగిపోయే ఇనుప టవర్లు. ఉత్తరప్రదేశ్‌కు ఆ కొసన ఉన్న రిహంద్ నుంచి 816 కి.మీ. దూరం వచ్చిన డైరెక్ట్ కరెంట్ లైను దాద్రీలోనే ముగుస్తుంది. రెండు ధ్రువాలు, చెరో 500 కిలోవోల్టులు, మొత్తం మీద 1,500 మెగావాట్ల సామర్థ్యం. 1990ల ఆరంభం నుంచీ ఉత్తరాది గ్రిడ్‌కు ఇదొక ప్రధాన నాడి. తాత వదిలి వెళ్లిన కీ వాచీని మురిపెంగా చేతికి పెట్టుకుని ఈ తీగల కింద నిలబడ్డ మనిషికి ఒక అనుమానం రావడం సహజం. ఇంత కరెంటు నెత్తి మీద పారుతుంటే వాచీకి ఏమీ కాదా?

ఏమీ కాదు. లైను పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఒక్కో వైపు ప్రవహించేది సుమారు 1,500 ఆంపియర్లు. ఇరవై మీటర్ల కింద నిలబడ్డవారి మణికట్టు దగ్గర దాని అయస్కాంత ప్రభావాన్ని లెక్కగడితే గాస్‌లో ఆరో వంతు కూడా రాదు. గాస్ అంటే అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం. భూమికి సహజంగా ఉన్న అయస్కాంత శక్తే దాదాపు అర గాస్. అంటే కాళ్ల కింది నేలే ఆ తీగల కంటే బలమైనదన్నమాట. వాచీకి అసలు గండం ఆ మనిషి చొక్కా జేబులో ఉంది.

ఆ గండం తయారయ్యేదీ ఈ చుట్టుపక్కలే కావడం తమాషా. 2018 జూలైలో నోయిడా సెక్టార్ 81లో శామ్‌సంగ్ తన భారీ మొబైల్ ఫ్యాక్టరీని ప్రారంభించింది. ఒప్పో, వివో కంపెనీల ప్లాంట్లు గ్రేటర్ నోయిడాలో ఉన్నాయి. ఏ ఫోన్ విప్పినా స్పీకర్‌లో ఒక బుల్లి అయస్కాంతం, కెమెరాలో మరొకటి, వణికే మోటారులో ఇంకొకటి కనిపిస్తాయి. 2020 నుంచి వచ్చిన చాలా ఐఫోన్ల వీపున అయితే చార్జర్ అతుక్కోవడానికి ఏకంగా అయస్కాంతాల వలయమే ఉంది. ట్యాబ్లెట్ అట్ట, ల్యాప్‌టాప్ మూత, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు గుండీ కూడా ఆ కోవలోవే. అంతెందుకు, గ్రేటర్ నోయిడాలోనే ఎల్‌జీ చేసే ఫ్రిజ్‌ల తలుపు రబ్బరు అంచులో దాక్కున్నదీ అయస్కాంతమే.

చిన్న అయస్కాంతానికి ఒక గుణం ఉంది. దూరం రెట్టింపయితే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే జానెడు దూరంలో ఉన్న ఫోన్ వాచీని ఏమీ చేయలేదు. రాత్రి పడుకోబోయే ముందు వాచీ విప్పి సరిగ్గా ఫోన్ స్పీకర్ మీద పెట్టినప్పుడే వస్తుంది చిక్కు. అక్కడ ఉండేది అర గాస్ కాదు, పదులు, ఒక్కోసారి వందల గాస్‌లు.

అప్పుడు జరిగేదేమిటో వాచీ మెకానిక్‌లందరికీ తెలుసు. కీ వాచీ గుండెకాయ బాలెన్స్ చక్రం. దాన్ని అటూ ఇటూ ఊపేది వెంట్రుక లాంటి స్ప్రింగ్. అందుకే దాని పేరు హెయిర్‌స్ప్రింగ్. చుట్టలు చుట్టలుగా ఉండే ఆ తీగకు అయస్కాంతం పడితే పక్కపక్క చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైపోయినట్టే లెక్క. పొట్టి స్ప్రింగ్ వడివడిగా ఊగుతుంది. రోజుకు పది సెకన్లు తేడా చూపే వాచీ కాస్తా గంటకే నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. మరీ ఎక్కువ తగిలితే ఆగిపోతుంది. పాపం, యజమాని మాత్రం వాచీకి వయసైపోయిందనుకుంటాడు. బ్యాటరీ వాచీలది వేరే కథ. అయస్కాంతం పక్కన ఉన్నంతసేపు వాటి మోటారు మొరాయిస్తుంది, తీసేయగానే మళ్లీ నడుస్తుంది, పోయిన టైము సరిచేసుకుంటే చాలు. ముళ్లు లేని డిజిటల్ వాచీలకైతే ఈ బెడదే లేదు.

ఈ జబ్బుకు మందు కోసం వెతుకులాట కరెంటు వచ్చినప్పుడే మొదలైంది. తొలి మందు లోహంలో దొరికింది. ఉష్ణోగ్రతకు చలించని నికెల్ ఉక్కు మిశ్రమాలు కనిపెట్టినందుకు స్విట్జర్లాండ్‌లో పుట్టిన షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ బాటలోనే 1930లలో నివరాక్స్ అనే మిశ్రమంతో హెయిర్‌స్ప్రింగ్‌లు వచ్చాయి. వేడికీ, అయస్కాంతానికీ రెండిటికీ తట్టుకోవడం వీటి ప్రత్యేకత. టిస్సో 1930 ప్రాంతంలోనే అయస్కాంతాన్ని తట్టుకునే చేతి వాచీని బజారులో పెట్టింది. ఆ తర్వాత స్విస్ కంపెనీలు చాలావరకు తమ డయళ్ల మీద 'యాంటీమాగ్నెటిక్' అని రాసుకోవడం మొదలెట్టాయి.

రెండో మందు మరింత మొరటుది, మరింత నమ్మకమైనది. వాచీ యంత్రాన్ని మెత్తని ఇనుముతో చేసిన డిబ్బీలో పెట్టి, ఆ డిబ్బీని ఉక్కు కేసులో బిగించడం. మెత్తని ఇనుము అయస్కాంత రేఖలను తనలోంచే చుట్టూ తిప్పి పంపేస్తుంది, లోపలి యంత్రం దాకా రానివ్వదు. కింద ఇనుప గిన్నె, పైన ఇనుప మూత. చాలా వాచీల్లో ముందువైపు మూత పని డయలే చేస్తుంది. డయల్‌కు కన్నం పెడితే కవచానికి కన్నం పెట్టినట్టే కాబట్టి ఈ జాతి వాచీల్లో ప్రసిద్ధమైనవాటికి తారీఖు కిటికీ ఉండదు. తారీఖు లేని వాచీ ఏం వాచీ అని ముఖం చిట్లించేవారికి ఇదీ జవాబు.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ వచ్చాక విమానాల కాక్‌పిట్‌లో ఇలాంటి కవచం అవసరమైంది. బ్రిటిష్ వైమానిక దళం కోసం 1948లో ఐడబ్ల్యుసి చేసిన మార్క్ 11 వాచీ అలా పుట్టింది. దాంతో దారి చూపించుకున్న ఆ కంపెనీ 1955లో ఇంజనీర్ అనే పేరుతోనే ఓ వాచీ తెచ్చింది. మీటరుకు 80,000 ఆంపియర్లు, అంటే సుమారు వెయ్యి గాస్‌లను తట్టుకుంటుందని చెప్పుకుంది. మరుసటి ఏడాది రోలెక్స్ వంతు. పేరులోనే లెక్క పెట్టేసింది: మిల్‌గాస్. ఫ్రెంచిలో మిల్ అంటే వెయ్యి. జెనీవా పక్కనే 1954లో వెలసిన సెర్న్ పరిశోధనా కేంద్రంలోని శాస్త్రవేత్తలు దాన్ని తొలినాళ్లలోనే ధరించారు. సెకన్ల ముల్లును మెరుపు ఆకారంలో వంకరగా చేయడం రోలెక్స్ లాంటి గంభీరమైన కంపెనీ చేసిన అరుదైన చిలిపి పని. 1957లో ఒమేగా రైల్‌మాస్టర్‌ను దింపింది. విద్యుత్ ఇంజన్ల దగ్గరా, కరెంటు యంత్రాల మధ్యా పనిచేసేవాళ్ల కోసమన్నది దాని ఉద్దేశం.

ఈ జాబితా చదువుతుంటే మూడు కంపెనీలూ బంగారు గనిలో చెయ్యి పెట్టాయనిపిస్తుంది. జరిగింది అందుకు విరుద్ధం. ప్రపంచంలో అణు పరిశోధకులెందరు, స్కాన్ గదుల ఇంజనీర్లెందరు? మామూలు కొనుగోలుదారుకు ఈ వాచీ లావుగా, బరువుగా, తారీఖు కూడా చూపని పంతులులా కనిపించింది. ఒమేగా 1963లో రైల్‌మాస్టర్‌ను ఆపేసింది. మెరుపు ముల్లును 1960 ప్రాంతంలో వదిలేసి, సాదాసీదా ముల్లుతో మిల్‌గాస్‌ను రోలెక్స్ 1988 దాకా లాక్కొచ్చింది. ఐడబ్ల్యుసి 1976లో జెరాల్డ్ జెంటా అనే మేటి డిజైనర్‌తో ఇంజనీర్‌ను తిరగరాయించింది. అప్పటికి క్వార్ట్జ్ వాచీల తుఫాను మొదలై ఏడేళ్లయింది. అమ్ముడుపోయినవి వందల్లోనే.

అమ్ముడుపోకపోవడమే ఇప్పుడు వాటి అదృష్టం. తక్కువ తయారయ్యాయి కాబట్టి తక్కువ మిగిలాయి. అవి కూడా ఆయిల్ చేతుల్లో, ప్రయోగశాలల్లో నలిగినవే కాబట్టి నునుపు చెడనివి ఇంకా తక్కువ. 2023 మేలో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో మెరుపు ముల్లున్న తొలితరం మిల్‌గాస్ ఒకటి 22 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. మన లెక్కలో సుమారు 20 కోట్ల రూపాయలు. సరిగ్గా అదే ఏడాది రోలెక్స్, 2007లో మళ్లీ మొదలెట్టిన కొత్త మిల్‌గాస్‌కు మంగళం పాడింది. రోలెక్స్ అభిమానులు ఈ యాదృచ్ఛికాన్ని చాలాకాలం చెప్పుకున్నారు.

నిజానికి వెయ్యి గాస్‌లన్నది ఇప్పుడు గొప్ప సంఖ్యేమీ కాదు. సెర్న్‌లో ఇప్పుడు పనిచేసే మహా యంత్రపు అయస్కాంతాలు 83,000 గాస్‌ల బలంతో ఉంటాయి. కార్పొరేట్ ఆసుపత్రిలో మామూలు ఎంఆర్ఐ యంత్రమే 15,000 గాస్‌లు. ఐడబ్ల్యుసి 1989లో ఇనుప డిబ్బీ లేకుండా హెయిర్‌స్ప్రింగ్ లోహాన్నే మార్చి ఆరు వేల గాస్‌ల పైచిలుకుకు హామీ ఇచ్చింది. 2013లో ఒమేగా సిలికాన్ స్ప్రింగ్‌తో 15,000 గాస్‌లను దాటేసింది. అయినా సరే స్కాన్ గది ముందు నర్సు వాచీ తీసేయమంటే తీసేయాల్సిందే. అక్కడ భయం వాచీకి కాదు, ఎగిరిపడే లోహంతో మనిషికి. ఇంత సాంకేతిక ప్రగతి తర్వాతా సేకర్తలు పాత ఇనుప డిబ్బీ వాచీలకే కోట్లు పోస్తున్నారంటే అది అవసరం కొద్దీ కాదని వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గరికి వద్దాం. తెలుగిళ్ల బీరువాల్లో మిల్‌గాస్‌లు దొరకవు. దొరికేవి ఫావ్రె ల్యూబా, వెస్ట్ ఎండ్, రోమర్, కామీ, టిటోనీ. ఒకప్పుడు అల్లుడికి సైకిలు, రేడియోతోపాటు కట్నంగా వెళ్లిన వాచీలవి. ఫావ్రె ల్యూబా 1865 నుంచే బొంబాయిలో వ్యాపారం చేసింది. వెస్ట్ ఎండ్ వాచీలు రైల్వే ఉద్యోగుల చేతుల మీద, సైనికుల చేతుల మీద దేశమంతా తిరిగాయి. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల కర్మాగారం మొదలయ్యాక స్విస్ వాచీల జోరు తగ్గింది. 1980లలో సైకో సాంకేతికతతో హైదరాబాద్ ఆల్విన్ కూడా బరిలోకి దిగింది. 2016లో హెచ్ఎంటీ వాచీల విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపాక జనానికి ఆ వాచీల మీద అకస్మాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. మూతబడ్డాకే విలువ తెలిసే వస్తువుల్లో మన ప్రభుత్వరంగ సంస్థలది ప్రత్యేక స్థానం.

ఈ పాత స్విస్ వాచీల్లో చాలావాటి డయల్ మీద 'యాంటీమాగ్నెటిక్' అన్న మాట కనిపిస్తుంది. గందరగోళమంతా ఇక్కడే. ఆ మాట చూసి ఇంట్లోవాళ్లు నిధి దొరికిందనుకుంటారు. అమ్మేవాడు మిల్‌గాస్ వంశమన్నట్టు ధర చెబుతాడు. నిజానికి ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం హెయిర్‌స్ప్రింగ్ మామూలు ఉక్కుది కాదని మాత్రమే. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 764 ప్రకారం చూసినా ఆ మాటకు కావలసింది మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే 60 గాస్‌లను తట్టుకోవడం. ఆ పరీక్ష తర్వాత వాచీ రోజుకు 30 సెకన్లకు మించి తేడా చూపకూడదు. ఫ్రిజ్‌కు అంటించే బొమ్మ బలం దాదాపు అంతే ఉంటుంది. తాతగారి వాచీ నిజాయితీగానే ఆ మాట చెప్పి ఉండొచ్చు. కానీ అది చెప్పింది పంపు మోటారు గురించి, ఇంటి రేడియో స్పీకర్ గురించి. స్మార్ట్‌ఫోన్ గురించి కాదు.

అసలు జాతిని పట్టుకోవడానికి ఒక సులువైన గుర్తుంది. వెనక మూత విప్పితే చక్రాలు కనిపించకూడదు. ఇంకో మూత కనిపించాలి. నిగనిగలు లేని ఆ బూడిదరంగు ఇనుప మూతే వెయ్యి గాస్‌ల వాచీకి ఆధార్ కార్డు. డయల్ మీద ఎంత పెద్ద అక్షరాలున్నా రెండో మూత లేకపోతే అది ఇనుప కవచం ఉన్న వాచీ కాదు.

డయల్ మీద అక్షరాలను నమ్మకూడదని చెప్పడానికి ఇంకో బలమైన కారణముంది, అది మనకు అంతగా గర్వకారణం కాదు. ప్రపంచవ్యాప్తంగా వాచీ సేకర్తల నోట 'ముంబై స్పెషల్' అనే మాట నానుతుంది. మన దేశంలో పాత వాచీల డయళ్లు గీకేసి, కొత్తగా రంగులు పూసి, స్విస్ పేర్లు అచ్చుగుద్ది, నాలుగు వాచీల భాగాలు కలిపి ఒక వాచీగా అమ్మే వ్యాపారానికి అది ముద్దుపేరు. నారింజ, ఆకుపచ్చ, నీలం, అసలు కంపెనీ కలలో కూడా వేయని రంగులు ఆ డయళ్ల మీద మెరుస్తాయి. పనిలో పనిగా 'యాంటీమాగ్నెటిక్' అనీ రాసేస్తారు. ఒక మాటకు ఖర్చేముంది, ఇంత సిరా. నిమిషాల గీతలు వంకర పోవడం, అక్షరాలు లావుగా ముద్దగా ఉండటం, అరవై ఏళ్ల వాచీ డయల్ మీద ఒక్క మచ్చా లేకపోవడం, ఇవన్నీ అనుమానించాల్సిన లక్షణాలే.

మోసం మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. రైల్‌మాస్టర్‌తోపాటు 1957లోనే పుట్టిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 2021 నవంబరులో జెనీవా వేలంలో 31 లక్షల ఫ్రాంకులు పలికి రికార్డు సృష్టించింది. అది రకరకాల భాగాలతో కూర్చిన వాచీ అని, అందులో తమ మాజీ ఉద్యోగుల హస్తముందని 2023లో ఒమేగాయే ప్రకటించుకోవాల్సి వచ్చింది. మన గల్లీలో వేలకు జరిగే పనే అక్కడ కోట్లకు జరిగింది. తేడా అంతే.

ముంబై స్పెషల్ కొన్నవాడికి పోయేది కొన్ని వేలు. తన తాత వాచీని తనే ముంబై స్పెషల్ చేసుకునేవాడి నష్టం అంతకంటే పెద్దది. ఇది చాలా ఇళ్లలో జరుగుతున్నదే. బీరువాలో వాచీ దొరుకుతుంది. కీ ఇస్తే నడుస్తుంది, కానీ ఫాస్ట్ వెళుతుంది. డయల్ పసుపెక్కింది, అంచుల్లో తేమ మరకలున్నాయి. దుకాణంలో ఇస్తే, మొత్తం కొత్తది చేసిస్తామంటారు. డయల్ రీపెయింట్, కేసు పాలిష్, కొత్త ముళ్లు. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చే వాచీ తళతళలాడుతుంది. తాతగారు రోజూ చూసుకున్న ముఖం మాత్రం పోయింది. అమ్మకానికి పెడితే విలువ కూడా సగానికి పైగా పోయినట్టే. సేకర్తలు మరకలున్న అసలు డయల్‌కే డబ్బులిస్తారు, మెరిసే నకలుకు కాదు. అన్నిటికంటే బాధాకరమేమిటంటే, ఆ వాచీ ఫాస్ట్ వెళ్లడానికి కారణం ముసలితనం కాకపోయి ఉండొచ్చు. మనవడి ఫోన్ పక్కన వారం రోజులు పడుకోవడం కావచ్చు.

అది తేల్చుకోవడానికి పది రూపాయల ఖర్చు లేదు. ఇంట్లో దిక్సూచి ఉంటే దాన్ని బల్ల మీద పెట్టి, ముల్లు నిలకడగా ఆగాక వాచీని మెల్లగా దాని దగ్గరికి జరిపి, అటూ ఇటూ తిప్పాలి. ముల్లు వాచీ వెంట గట్టిగా ఊగితే అయస్కాంతం పట్టినట్టే. ఫోన్‌లోని దిక్సూచితో ఈ పని చేయబోవడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. వాచీని మళ్లీ అయస్కాంతం పక్కకే తీసుకెళ్లినట్టవుతుంది.

పట్టిన అయస్కాంతాన్ని వదిలించడానికి మెకానిక్ దగ్గర ఓ చిన్న డబ్బా ఉంటుంది. లోపల రాగి తీగ చుట్ట, పైన ఒక బటన్. కరెంటు ఇచ్చి, వాచీని దాని మీద ఉంచి, బటన్ నొక్కిపట్టి, వాచీని నెమ్మదిగా చెయ్యి చాపినంత దూరం జరుపుతారు. కరెంటు దిశ సెకనుకు వందసార్లు మారుతుంటే, దూరం పెరుగుతున్న కొద్దీ వాచీలోని అయస్కాంతం క్షీణించి పోతుంది. తొందరపడి మధ్యలో బటన్ వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. అంతా కలిపి పది సెకన్ల పని. పరికరం కూడా కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. ఢిల్లీలో లాజ్‌పత్‌రాయ్ మార్కెట్‌కు వెళ్లినా, హైదరాబాద్‌లో కోఠీకి వెళ్లినా పాతతరం మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. వారిని అడగాల్సిన పనులు రెండే. అయస్కాంతం తీయడం, లోపల శుభ్రం చేసి నూనె వేయడం. మూత విప్పినప్పుడు కింద రెండో మూత ఉందేమో ఓసారి తొంగి చూడొచ్చు, ఆశకు అంతేముంది. డయల్ జోలికి మాత్రం వెళ్లొద్దని ముందే చెప్పి, రసీదు మీద ఆ మాట రాయించుకోవాలి.